దువ్వెన లేని మెట్లు

నిన్న కడపలో ఒక గోదాము తలుపు తీయగానే పాత గ్రీజు వాసన గుప్పుమంది. తోటివాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను లోపలికి పరుగెత్తాను. ఈ పాత యంత్రాల రోగం నాకు అంటించినవాడు కర్నూలు ఖాదర్ సాబు. అప్పట్లో ఆయన పాత ఇనుము దుకాణంలో నేను గుమాస్తాగా ఉండేవాణ్ణి. యుద్ధకాలంలో ఓడ ఇంజను గదిలో పనిచేసినప్పుడు లండనులో నడిచే మెట్లు, అదే ఎస్కలేటరు, ఎక్కానని, చూడగానే అవి ఏ కంపెనీవో చెప్పగలనని ఆయన అనేవాడు. ఊరంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, కాకపోతే జీతం తీసుకుని.

ఒకరోజు బొంబాయి లారీలోంచి గొలుసులు, చక్రాలున్న చెక్కమెట్లు దిగాయి. "ఇవే ఓబులేసూ! నడిచే మెట్లు!" అని సాబు నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. కానీ ఆ సరుకును చూడకముందే బావినీళ్లు తోడే కపిలలకు గిలకలు పోతపోసే రెడ్డప్పకు అమ్మేసి ఉన్నాడు. రెడ్డప్ప బండి తోలించుకొని రానే వచ్చాడు.

"మెట్లే నడిస్తే మనకు కాళ్లెందుకప్పా? సరే, ఏ కంపెనీదో రుజువు చెయ్యి సాయిబూ, ఈడనే వదిలేస్తా. లేకుంటే పొద్దుగూకే లోపల కొలిమిలో ఉంటాది."

మెట్ల పైచివర పాదం ఇరుక్కోకుండా ఇనుప దువ్వెన ఉంటుందని, పేరు దానిమీదే ఉంటుందని సాబు చెప్పాడు. కుప్పంతా తిరగేశాం. దువ్వెన లేదు. పోగైన జనంలో ఎవరో "కోతల సాయిబు" అన్నారు. ఆయన చతికిలబడ్డాడు.

"దువ్వెన పళ్లు దూరేదానికి ఈ మెట్లకు గాడులేవి సాబూ? మా మేనమామ నెత్తి మాదిరి నున్నగా ఉండాయి," అన్నాను.

సాబు లేచి నన్ను కౌగిలించుకున్నాడు. నా తెల్లచొక్కా చరిత్ర అక్కడితో ముగిసింది.

"శానా పాత రకంరా ఇది! దీనికి దువ్వెనే ఉండదు. చివర్లో మూడు మూలల పలక ఏటవాలుగా నిలబడి మనిషిని పక్కకు నెడతాది. పేరు దానిమీదే ఉంటాది, యాడుందో చూడు!"

అది రెడ్డప్ప బండి చక్రం కింద అడ్డుగా ఉంది. తోలేవాడు చేతికందిందని పెట్టుకున్నాడు. సాబు ముందుగా రెడ్డప్ప చెవిలో కంపెనీ పేరు చెప్పాడు. తర్వాత పలకమీది రంగు గీకాడు. పైకి తేలిన ఇంగ్లీషు అక్షరాలను నేను బిగ్గరగా చదివాను. రెడ్డప్ప తలపాగా తీసి మళ్లీ కట్టుకున్నాడు.

"అదే పేరు. మాట ఇచ్చినా కదా, ఏం జేస్తాం! ఇంతకీ ఎట్ల దిగాల?"

"కుడికాలు ముందు, పక్కకు!"

సాబు ఆ మెట్లను గోడకు ఆనించాడు. ఆ సాయంత్రం కర్నూలు పెద్దమనుషులు వరుస కట్టి, కదలని మెట్లమీంచి ఎంతో జాగ్రత్తగా పక్కకు దిగారు.

పేరు చెరిగిపోయిన యంత్రం ఎదురైతే ఇప్పటికీ దగ్గరికెళ్లి తడుముతాను. ముందు అందులో ఏం లేదో చూస్తాను. మనుషులనూ అలాగే చూసి ఒకటి రెండు స్నేహాలు పోగొట్టుకున్నాను. అది మాత్రం సాబు నేర్పింది కాదు.