తెల్ల టైల్స్ మీద ఇంగ్లండు బండి

బడంగ్‌పేట్‌లో మా వరండాకు తెల్ల టైల్స్ వేయించిన రోజే మా ఆయనకు ఇంగ్లండు బండి మీద పగ పుట్టింది. ఆ మోటారు సైకిలు మామగారిది. ఆయన బడిపంతులుగా ఉన్నప్పుడు ఎవరి దగ్గరో పాతది కొన్నారు. ఇంజను బలాన్ని క్లచ్‌కు అందించే గొలుసు ఒకటి దాని ఎడమ పక్కన, రేకు మూతలో, నూనెలో నానుతూ తిరుగుతుంది. ఆ మూతలోంచి నూనె కారుతుంది. మామగారు బతికున్నన్నాళ్లూ కారింది. ఆయన ఇంటికి రాగానే దాని కింద ఒక పాలపొడి డబ్బా పెట్టి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునేవారు. ఆయన పోయాక బండి మూలన పడింది. డబ్బాలో అత్తమ్మ బట్టల క్లిప్పులు వేసుకుంది. అడుగు నల్లబడిన ఆ డబ్బాను మా ఆయన చెత్తబండిలో వేయబోతే చేతిలోంచి లాక్కుంది.

ఈసారి ఈస్టర్‌కు ముందు అత్తమ్మ ఒక్కటంటే ఒక్కటి అడిగింది. ప్రతి ఈస్టర్‌కూ తెల్లవారుజామున మామగారు ఆమెను ఆ బండి మీదే రావిర్యాల దగ్గరి సమాధుల తోటకు తీసుకెళ్లేవారు. ఇప్పుడు ఆయన సమాధి కూడా అక్కడే ఉంది.

"కారుల పోతే నేనొచ్చిన సంగతి ఆయనకెట్ల తెలుస్తది? బండి సప్పుడు ఇనవడాలె. వచ్చే ఏడు నా మోకాళ్లు బండెక్కనిస్తయో లేదో," అంది.

మా ఆయన విమానాశ్రయంలో సరుకుల విభాగం సూపర్‌వైజరు. ఒకరు ఎత్తిన పెట్టెను ఇంకొకరు దించుతుంటే చూడటం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఇంజనీరు. నాలుగు వీడియోలు చూసి బండి విప్పాడు. విప్పినవన్నీ నా పోపుల డబ్బాలో సర్దాడు. ఆవాల గిన్నెలో వాషర్లు, జీలకర్ర గిన్నెలో నట్లు. గొలుసు వదులైందని గేరుపెట్టెను వెనక్కి జరిపి బిగించాడు. ముందు గొలుసు బిగిసింది, వెనక చక్రం గొలుసు వేలాడింది. దాన్నీ బిగించి, చెమట తుడుచుకుని, ఇంగ్లండోళ్లకు బండి చేయడం రాదని తేల్చేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ తెల్ల టైల్స్ గుర్తొచ్చాయి. నూనె అయితే కారుతుంది, గ్రీజు కారదు కదా! ఇంత చిన్న ఉపాయం వాళ్లకు తట్టనందుకు జాలిపడుతూ మూత నిండా గ్రీజు దట్టించాడు.

"అందరు నూనె పోస్తరు గదా?" అన్నాను.

"నీకేం తెల్సు, ఊకో," అన్నాడు.

ఆ సాయంత్రం బండిని నిలబెట్టి స్టార్ట్ చేసి, వీధిలో వాళ్లందరికీ చప్పుడు వినిపించాడు. ఆ వేడికి గ్రీజు కరిగి క్లచ్ ప్లేట్ల మధ్యలోకి చేరింది.

ఈస్టర్ తెల్లవారింది. అత్తమ్మ తెల్ల చీర కట్టుకుని, పూల సంచి ఒళ్లో పెట్టుకుని, వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చుంది. మా ఆయన గేరు వేసి క్లచ్ వదిలాడు. బండి కాలనీ మొత్తాన్ని లేపింది కానీ అంగుళం కదల్లేదు. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి.

"పోతున్నమారా?" అంది అత్తమ్మ.

"పోతున్నం అమ్మా."

"గేటు గక్కడనే ఉన్నది గదరా."

నాకు ఒళ్లు మండింది. "నీ టైల్స్ ఖరాబ్ కాలే, సంబురపడు. సమాధినే గిక్కడికి తోలుకొస్తవేమో," అన్నాను. మా ఆయన ఇంజను ఆపాడు. అత్తమ్మ మెల్లగా దిగి, పూలను తడిగుడ్డలో చుట్టి, మెట్టు మీద కూర్చుంది. ఆరాధనకు వెళ్లేవాళ్ల ఆటోలు మా ముందు నుంచే పోయాయి. ఆమె తల తిప్పి కూడా చూడలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆయన టీ కూడా ముట్టకుండా మూత విప్పాడు. గ్రీజంతా దోసి పారేసి, ప్లేట్లను పెట్రోలుతో కడిగి, బుద్ధిగా నూనె పోశాడు. ఎండెక్కాక బండి కదిలింది. నేను స్కూటీ మీద వెనకే వెళ్లాను. సమాధుల తోటలో ఎవరూ లేరు, కొవ్వొత్తులు కరిగి సున్నం వేసిన సమాధుల మీద అట్టలు కట్టాయి. ఆయన ఇంజను ఆపబోతే అత్తమ్మ, "ఉండనియ్ జరసేపు," అంది. ఆ చప్పుడులోనే పూలు పెట్టింది.

ఇంటికి రాగానే తెల్ల టైల్ మీద నల్లటి చుక్క ఒకటి పడింది. మా ఆయన గుడ్డ కోసం పరుగెత్తాడు. గుడ్డతో తిరిగొచ్చేసరికి అత్తమ్మ క్లిప్పులన్నీ నా కొంగులో కుమ్మరించి, పాలపొడి డబ్బాను బండి కిందికి నెట్టేసింది.

"ఇగ చేతులు కడుక్కో, అన్నం పెడ్త," అంది. మామగారు ఉన్నప్పుడు ఆయనతోనూ ఆ మాటే అనేది.