నాలుగో రోజు ప్లేటు

పశువుల ల్యాబులో ఆమెను అందరూ ప్లేట్లక్క అంటారు. పాలచుక్కను క్రిములు పెంచే గాజు ప్లేటు మీద పూసి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో వెచ్చగా ఉంచి, మర్నాడు పొద్దున్నే క్రిములు మొలిచాయో లేదో చూసి రాయడం ఆమె పని. రాయడం అయిందంటే ప్లేట్లన్నీ ఉడకబెట్టి పారేయాల్సిందే. నిన్నటి ప్లేటు ఇవాళ బల్ల మీద కనబడితే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఇరవయ్యారేళ్ళ గొడ్డుచాకిరీలో మోకాళ్ళు అరిగాయి గానీ ఆ పట్టింపు మాత్రం అరగలేదు.

అన్నయ్య ఇంట్లో ఉన్నది ఒక్కటే ఆవు. ఎనిమిది నెలల్లో దానికి మూడుసార్లు పొదుగువాపు వచ్చింది. మందు వేస్తే తగ్గేది, ప్లేట్లక్క చూసి క్రిములు లేవని రాసేది, కొన్నాళ్ళకే మళ్ళీ వాచేది. పోయిన క్రిములు మళ్ళీ వచ్చాయంటే పాలు పితికే చేతుల్లోనే శుభ్రం లేదని అన్నయ్య తేల్చేశాడు. నిజం చెప్పాలంటే ఆ మాట మొదట అన్నది ప్లేట్లక్కే. వదిన వేడినీళ్ళతో చేతులు తోమీ తోమీ వేళ్ళు పగలగొట్టుకుంది. ఇంకొక్కసారి వస్తే ఆవును కసాయికి ఇచ్చేస్తానన్నాడు అన్నయ్య.

మూడోసారి తగ్గాక తెచ్చిన పాలను ప్లేటు మీద పూసిన రోజే ప్లేట్లక్కకు జ్వరం తగిలింది. నాలుగో రోజు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి చూస్తే, ఎవరూ ముట్టని ఆ ప్లేటు నిండా ఆవగింజలో సగం కూడా లేని క్రిముల చుక్కలు.

ల్యాబు డాక్టరుగారు ఆ చుక్కలనూ, మొదటిసారి ప్లేటు నుంచి తీసి ఫ్రీజర్‌లో దాచిన క్రిములనూ పెద్ద ల్యాబుకు పంపి జన్యువులు పోల్చి చూపించారు. రెండూ ఒకే వంశం. బయటినుంచి కొత్తవి రాలేదు. పొదుగులోనే జన్యువులు మారినవి కొన్ని, నిదానంగా పెరుగుతూ, కణాల్లో దూరి, మందుకు దొరక్కుండా మిగిలిపోయాయి. అలాంటివి ప్లేటు మీద కనబడడానికే మూడు రోజులు కావాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ప్లేట్లక్క ఒక్క రాత్రిలో పట్టేద్దామనుకుంది. ఇన్నేళ్ళలో ఇలాంటి ప్లేట్లు ఎన్ని పారేసిందో తలుచుకునే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

ఆ సాయంత్రమే వదిన దగ్గరికి వెళ్ళింది. "తప్పు నీ చేతులది కాదు వదినా. నేనే సరిగ్గా చూడలేదు" అంది.

వదిన పగిలిన వేళ్ళను చీరకొంగుతో తుడుచుకుంటూ, మరి ఆవు సంగతేమిటని అడిగింది. ఇక అది తగ్గే జబ్బు కాదని డాక్టరుగారు అన్న మాట చెప్పక తప్పలేదు. వదిన వెళ్ళి ఆవు మెడ నిమిరింది.

"దీనికి రెండోసారి వాచినప్పట్నించీ మీ అన్నయ్య నా చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు కూడా తీసుకోవడం లేదు. ఈ మాట ఆయనకీ నువ్వే చెప్పు."

ప్లేట్లక్క గుమ్మంలోనే కూలబడి అన్నయ్య కోసం చూస్తూ ఉండిపోయింది.