పహిల్వాన్ పస్తు

ఆ రోజుల్లో మనిషి దిగులుకు మందు ఏదో ఒక దుకాణంలో దొరికే తీరుతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. డిగ్రీ పూర్తిచేసి, పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొట్టే పనిలో కొత్తగా చేరాను. కంప్యూటర్ వచ్చిన పిల్లకు అన్నీ వచ్చినట్టేనని మా ఇంట్లో అనుకునేవారు, నేనూ కాదనలేదు. (అది ఆగిపోయినప్పుడల్లా సేఠ్ దాని నెత్తిన ఒకటి చరిచి నడిపించేవాడు. ఆ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.)

మాది గౌలిపురలో పాలవాళ్ల ఇల్లు. తాతల నాటి నుంచి బర్రెలే మా బతుకు. చుట్టూ ఇళ్లు లేచి, పేడ వాసన మీద రోజూ లొల్లి మొదలై, గడ్డి బండి తిరగడానికి గల్లీలో చోటు కూడా లేకుండా పోయాక, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో బాపు చివరి రెండు బర్రెలనూ అమ్మేశాడు. ఆ మర్నాటి నుంచి ఖాళీ కొట్టంలో మంచం వేసుకుని కూర్చున్నాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది, షుగర్ ఒక్కటే పెరిగింది. "మనిషి కండ్ల ముందటనే కరిగిపోతున్నడు బిడ్డా" అని అమ్మ నా దగ్గర ఏడ్చేది. నాకు భయం వేసింది. భయం వేస్తే ఏదో ఒకటి కొనే రకాన్ని నేను. ముర్గీ చౌక్ వెళ్లి ఒక ఎర్రటి ఫైటర్ చేపను, దానికో గాజు జాడీని కొనుక్కొచ్చాను. చేపలమ్మే చాచా జాడీలో వేయమని ఇంత నాచు కూడా ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే ఆ నాచులో వెంట్రుకల్లాంటి మీసాలతో బుల్లి రొయ్యలు పాకుతున్నాయి. ఫైటర్ మింగేస్తుందేమోనని వాటిని వేరే సీసాలోకి మార్చాను. "గివి కూరకు గూడ సరిపోవు" అని అమ్మ పెదవి విరిచింది.

బాపు జాడీని చాలాసేపు చూశాడు. "బర్రెలు పోతే చేప తెచ్చినవా బిడ్డా? పాలిస్తదా గిది?" అన్నాడు. అన్నాడే గానీ, తెల్లారేసరికి జాడీ కొట్టంలోకి చేరింది. గాజులో తన నీడను చూసి రెక్కలు విప్పి కయ్యానికి దిగుతుందని దానికి పహిల్వాన్ అని పేరు కూడా పెట్టాడు. ఇక్కడ మా ఇంటి కట్టుబాటు ఒకటి చెప్పాలి. కొట్టంలో పశువు మేత ముట్టాకే ఇంటి పెద్ద అన్నం ముట్టాలి. బాపు ఆ మర్యాద పహిల్వాన్‌కూ ఇచ్చాడు. కంచం ముందు కూర్చునే ముందు దానికి చాచా ఇచ్చిన గింజలు, అవి చాలవనిపిస్తే బర్రెలకు పెట్టగా మిగిలిన పల్లిచెక్క పొడి. అది తినేది, ఆ తర్వాత బాపు తినేవాడు, కడుపు నిండా తినేవాడు. అమ్మ మొహం తేటపడింది. నేను గల్లీలో పెద్ద డాక్టర్‌లా నడిచాను.

బర్రె మీది ప్రేమను వేలెడంత చేపకు తినిపిస్తే ఏమవుతుంది? పహిల్వాన్ పొట్ట ఉబ్బింది. రెక్కలు ముడుచుకుని జాడీ అడుగున పక్కకు ఒరిగిపోయింది. బాపు వంగి చూసి, "పచ్చిగడ్డి ఎక్కువ మేసిన బర్రెకు గిట్లనే అయితది" అని తేల్చాడు. వాము, ఇంగువ కాచి, బర్రెలకు మందు పోసే వెదురు గొట్టం కూడా వెతికి తెచ్చాడు. (ఆ గొట్టంలో పహిల్వాన్ హాయిగా కాపురం ఉండొచ్చు.) ఆయన చేతులు పట్టుకుని ఆపి, నేను చాచా దగ్గరికి పరుగెత్తాను. "ఖాతే ఖాతే మర్ రహా బీబీ వో! దానా బంద్ కరో. సాఫ్ పానీ, చుట్కీ భర్ నమక్, బస్" అన్నాడు. తిని తినే చస్తోందట, మేత ఆపి శుభ్రమైన నీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తే చాలట. బతుకుతుందా అంటే పైకి చూశాడు.

దానికి కొన్నాళ్లు మేత పెట్టొద్దన్నాడని చెబితే బాపు బుద్ధిగా తలూపాడు. "మంచిది. అది తిన్ననాడే నేను గూడ తింట" అన్నాడు. నేను నవ్వాను. సాయంత్రం కూడా ఆయన కంచం ముట్టకపోయేసరికి నవ్వు రాలేదు. మర్నాడు ఆయన చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమట.

"షుగర్ గోలీలు ఖాళీ కడుపుల ఏసుకుంటున్నవు. చేప కోసం పానం తీసుకుంటవా?" అని అమ్మ అరిచింది.

"రోగమొచ్చిన జీవిని ముందల పెట్టుకొని ముద్ద ఎట్ల దిగుతదే?" అన్నాడు బాపు. లేవబోయి గుంజ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. గల్లీ చివరి డాక్టర్ వచ్చి చూసి, ఇలాగే ఉంటే చేప కంటే ముందు ఈయనే పోతాడని చెప్పి వెళ్లాడు. బతిమాలాను, కోప్పడ్డాను, ఏడ్చాను. బాపు జాడీ మీంచి చూపు తిప్పలేదు.

తెల్లవారి పహిల్వాన్ నీళ్ల మీద తేలింది. ఎర్రరంగంతా పోయి, పొలుసులు నిక్కబొడుచుకుని ఉంది. బాపు దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. చచ్చిన దూడలకు చేసినట్టే గుంట తవ్వి, పిడికెడు ఉప్పు వేసి పూడ్చాడు. తినాల్సిన చేపే చచ్చిపోయాక బాపు ఇంక ఎప్పుడు తినాలి? అప్పుడు కనిపించింది, వంటింటి కిటికీలో రొయ్యల సీసా. పాలకూర తెంపుతూ అమ్మ ఒక ఆకు అందులో పడేసినట్టుంది. రొయ్యలన్నీ దాని మీద చేరి, సన్నటి చేతులతో గిల్లి గిల్లి తింటున్నాయి. సీసా పట్టుకుని కొట్టంలోకి వెళ్లాను.

"బాపూ, ఇవి గూడ మనయే. సూడు, మేస్తున్నయి."

బాపు సీసాను మొహం దగ్గరికి తీసుకున్నాడు. "మేస్తున్నయే!" అన్నాడు. "కొట్లాట లేదు, గుంజుకునుడు లేదు. సక్కటి పసురాలు." ఇప్పుడు కంచం అడుగుతాడనుకున్నాను. ఆయన అడగలేదు. గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మ వైపు తిరిగి, "నువ్వు తిన్నవా?" అన్నాడు.

"పసురాలు తిన్నంక నువ్వు, నువ్వు తిన్నంక నేను. నేనీ ఇంటికొచ్చినప్పటి సంది గంతే గదా. ఇయ్యాల కొత్తగ అడుగుతున్నవేంది?" అంది అమ్మ.

బర్రెలు పోయిన రోజు కూడా ఏడవని బాపు అప్పుడు ఏడ్చాడు. "రెండు కంచాలు తే బిడ్డా" అన్నాడు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినడం నేను చూడటం అదే మొదటిసారి.

బాపు ఆ తర్వాత చాలా ఏళ్లే బతికాడు. రొయ్యతో మా బాపును బతికించుకున్నానని నేను గల్లీ అంతా చాటుకున్నాను. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ తెలివిగల పిల్లను, తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. వంగి వంగి చేప పొట్ట చూసింది, బాపు కంచం చూసింది. అన్నాళ్లూ అమ్మ కూడా పస్తే ఉందని, రెండో కంచం కడిగేదాకా ఆ పిల్లకు తట్టనే లేదు. "నువ్వు గూడ కూసో బిడ్డా, ఎప్పుడు తిన్నవో ఏమో" అని అమ్మ పిలిస్తే ఆకలి లేదంది. నిజమే పాపం. దుకాణంలో పూటపూటా చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని, కన్నీళ్లు కారుస్తూనే, సుబ్బరంగా తింటూ వచ్చింది.