దానియేలు గారు కట్టిన కట్టు

మే నెల మధ్యాహ్నం మార్టూరు దగ్గర బస్సు ఆగితే, కిటికీలోంచి కరిగిన తారు వాసన గుప్పున కొడుతుంది. మొన్న అలాగే కొట్టింది. పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాకు దానియేలు గారు గుర్తొచ్చారు. దిగాల్సిన స్టాపు దాటిపోయాక గాని తేరుకోలేదు.

ఆయన మిషన్ ఆసుపత్రిలో పుళ్ళు కడిగి కట్లు కట్టే డ్రస్సరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. లాక్‌డౌన్ వేసవిలో ఒరిస్సా కూలీలు హైవే మీద గుంపులు గుంపులుగా ఇళ్ళకి నడిచిపోతుంటే, మా హైస్కూలు టీచర్లం కొందరం అక్కడే రోడ్డు పక్కన టెంటు వేసి పెరుగన్నం పొట్లాలు పంచేవాళ్ళం. నాలుగో రోజున ఆయన పాత స్కూటరు మీద ఒక టబ్బు, ముక్కాలిపీట, దూది చుట్టలు పెట్టుకుని వచ్చారు. "చేతిలో అన్నం పెడితే నడుస్తూనే తింటారు టీచర్ గారూ. కాళ్ళు కడుగుతానంటేనే కూర్చుంటారు" అన్నారు. అప్పటిదాకా మేం వాళ్ళ చేతులే చూశాం, కాళ్ళు చూడలేదు.

మాది వ్యవసాయ కుటుంబం. దానియేలు గారి అమ్మ మా చేలో పత్తి తీసేది. ఆవిడకి మా ఇంట్లో మంచినీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరిదో పాదం పట్టుకోమంటే నా చెయ్యి వెనక్కి పోయింది. ఆయన చూశారు. "మీరు నీళ్ళు పోయండమ్మా, చాలు" అన్నారు, అంతే.

రెండు రోజులు చెంబుతో నీళ్ళే పోశాను. మూడో రోజు ఒకావిడ అరికాలి చర్మం ఊడి వేలాడుతుంటే, ఆయనకి రెండు చేతులూ ఖాళీ లేక "పట్టుకోండమ్మా, పట్టుకోండి!" అని అరిచారు. పట్టుకున్నాను. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలిపోతోంది ఆ పాదం. ఆవిడ ఏడవలేదు. నన్నే చూస్తూ వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమందో ఇప్పటికీ తెలియదు.

ఆ వారమే బలరాం వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నెల్లూరు వైపు ఇటుక బట్టీలో పనిచేస్తూ కాస్త తెలుగు నేర్చుకున్నాడు. బొటనవేలు నల్లబడి, కాలు మోకాలి దాకా వాచి, ఒళ్ళు జ్వరంతో కాగుతోంది.

"రెండు రోజులు ఆగరా నాయనా. చీము పైకి పాకింది. ఆసుపత్రికి నేను తీసుకెళ్తా" అన్నారు దానియేలు గారు.

"వద్దు సార్. ఆసుపత్రికి పోతే ఇంటికి పంపరు. అమ్మ ఎదురు చూస్తా ఉంటది."

అరగంట బతిమాలారు. తోటివాళ్ళు అప్పటికే లేచి నిలబడ్డారు. చివరికి పుండు కడిగి, మడమ కింద మందంగా దూది వేసి, కట్టు కట్టి, తన చెప్పులు విప్పి తొడిగారు. బలరాం కాలు నేల మీద ఆనించి చూసుకుని నవ్వాడు. "నొప్పి లేదు సార్!" అంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆయన టబ్బు బోర్లిస్తూ అన్నారు. "మరీ బాగా కట్టానమ్మా. సరిగ్గా కట్టకపోయుంటే నడవలేక ఇక్కడే ఆగేవాడు."

తెల్లారగానే స్కూటరు మీద అతన్ని వెతుక్కుంటూ బయల్దేరారు. మూడో రోజుకి గాని తిరిగి రాలేదు. బలరాం చిలకలూరిపేట దాటి పడిపోయాడట. అంబులెన్సు గుంటూరు తీసుకెళ్ళింది. దానియేలు గారు ఆసుపత్రి చేరేసరికి ప్రాణం పోయింది. తోటివాళ్ళు అప్పటికే ఏదో లారీ ఎక్కి వెళ్ళిపోయారు. అతని పేరు చెప్పగలిగిన మనిషి అక్కడ ఈయనొక్కరే. దగ్గరుండి పూడ్చిపెట్టించారు.

"వాడి ఫోన్లోంచి వాళ్ళమ్మకి చేశాను. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. వాడి పేరు చెప్పాను. ఇంకోసారి చెప్పాను. అర్థమైంది ఆవిడకి" అన్నారు.

ఆ మాట అని టబ్బులో నీళ్ళు పట్టుకున్నారు. నేను ఆగలేకపోయాను. "మళ్ళీ కడతారా?" అన్నాను.

"చెడగొట్టి కట్టటం నాకు చేతకాదమ్మా."

ఆ రోజు నుంచి, కట్టు కట్టించుకుని లేచిన ప్రతి మనిషినీ కనుమరుగయ్యేదాకా చూసేవారు. వెనక వరసలో వాళ్ళు ఎదురు చూస్తున్నా సరే.

రెండేళ్ళ క్రితం ఆయన నిద్రలోనే పోయారు. సమాధి దగ్గర పాస్టరు గారు ఆయన ఎంతమంది కాళ్ళు కడిగారో చెప్పారు. బలరాం ఊసు రాలేదు. ఇంట్లోవాళ్ళకి కూడా ఆ పేరు తెలియదని తర్వాత మాటల్లో తెలిసింది.

ఆయన చేసింది తప్పో ఒప్పో నేను ఇంతవరకూ తేల్చుకోలేదు. తుఫాను వచ్చినప్పుడల్లా వాడరేవు షెల్టర్లో పనిచెయ్యడానికి మాత్రం వెళ్తుంటాను. కిందటిసారి ఒక పెద్దాయన పడవ చూసుకొస్తాను, రెయిన్‌కోటు ఇమ్మన్నాడు. ఇస్తే వెళ్తాడు. ఇవ్వకపోతే గోనెపట్టా కప్పుకునైనా వెళ్తాడేమో, లేక ఆగిపోతాడేమో. ఇచ్చాను. మెడ దాకా గుండీలు నేనే పెట్టాను. ఆ తర్వాత గుమ్మంలోంచి కదల్లేకపోయాను. గంట దాటాక వానలోంచి ఆయన ఆకారం కనిపించింది.

"ఏందమ్మా, జల్లులో నిలబడ్డావు? అంతా తడిసిపోయావు కదా" అని కోప్పడ్డాడు.

ఆయన రెయిన్‌కోటు గుండీలు మెడ దగ్గర్నుంచి ఒక్కొక్కటీ నేనే విప్పాను.