అడిగితేనే చెప్పే మీటరు

మా బావ నోట మాట రావాలంటే ఎదుటివాళ్ళు అడిగి తీరాలి. కూర బాగుందా అని మా అక్క అడిగితే "ఊఁ" అంటాడు, అడక్కపోతే అదీ లేదు. కరెంటు పెట్టెలు చేసే కంపెనీలో నేను టంకం వేసే వరసలో కూర్చుంటే, ఆయన టెస్టింగ్ గదిలో మీటరు ముందు కూర్చునేవాడు. పెట్టెకి తీగలు తగిలించి, మీటరు మీద అంకె చూసి, మంచిదైతే కుడివైపు, పాడైతే ఎడమవైపు తోయడం ఆయన పని. ఆ కుర్చీ జోలికి ఎవడొచ్చినా పూనకమే. ఆయన చేతికింద పనిచేసి ఏడవకుండా బయటపడ్డవాడు లేడు. "అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది నోట్లోనే ఉంచుకో" అనేవాడు వాళ్ళతో.

ఆ గదిలోకే కంపెనీ మా బావ సొంత అల్లుణ్ణి తెచ్చింది. కంప్యూటరు చదువు చదివిన మెత్తటి మనిషి. పక్క గదిలో కంప్యూటరు పెట్టి, అక్కణ్ణుంచి మీటరు దాకా తీగ లాగాడు. కంప్యూటరు "కొలిచింది చెప్పు" అని ఆదేశం పంపుతుంది, మీటరు అంకె పంపుతుంది, దాన్నిబట్టి మా బావ బల్ల మీద పచ్చదీపమో ఎర్రదీపమో వెలుగుతుంది. మీటరూ మా బావ లాంటిదే, అడిగితేనే చెబుతుంది.

"మీకు కళ్ళ శ్రమ తప్పుతుంది మామయ్యా" అన్నాడు అల్లుడు.

"ఇది కుదిరితే ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టినా ఒకటే" అన్నాడు మేనేజరు, అందరూ వినేలా.

మా బావ కుర్చీని మీటరు దగ్గరికి ఇంకాస్త లాక్కున్నాడు.

ఒకరోజు మీటరు జవాబు సిద్ధం చేసేలోపే కంప్యూటరు తరువాతి ప్రశ్న వేసేసింది. పాత జవాబు మీటరులోనే మిగిలిపోయింది. ఇక అక్కణ్ణుంచి ఏ పెట్టె గురించి అడిగినా దాని ముందు పెట్టె జవాబే వచ్చింది. పాడు పెట్టెకి పచ్చదీపం, దాని వెనకొచ్చిన మంచి పెట్టెకి ఎర్రదీపం. మీటరు మీద మాత్రం అసలు అంకె కనబడుతూనే ఉంది. దాని ఎదురుగా కూర్చున్నది మా బావ ఒక్కడే.

అల్లుడు తలుపు దగ్గరికొచ్చి అడిగాడు. "దీపాలు వెలుగుతున్నాయా మామయ్యా?"

"వెలుగుతున్నాయి."

దీపం ఎటు చెబితే అటు తోస్తూ కూర్చున్నాడు ఆ మహానుభావుడు.

కొన్నవాళ్ళ దగ్గర పెట్టెలు మాడిపోయి తిరిగొచ్చాయి. అల్లుణ్ణి మేనేజరు అందరి మధ్యా నిలబెట్టి, మాడిన పెట్టెల్ని ఒక్కొక్కటిగా చేతికిచ్చి వాసన చూడమన్నాడు. చూశాడు పాపం. తరువాత ఉద్యోగం పీకేశారు. మా బావ నిమ్మకు నీరెత్తినట్టు గోడకానుకుని టీ తాగాడు.

ఆ సాయంత్రం మా అక్క కూతురు, ఆ అల్లుడి పెళ్ళాం, పుట్టింటికి వచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల, అన్నం కలిపి తినలేక ఏడుస్తుంటే ఈయన మీసం దువ్వుకున్నాడు.

"ఆ దీపాలు తప్పని నాకు మొదట్లోనే తెలుసు" అన్నాడు. అడక్కుండా ఆయన ఒక సంగతి చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"తెలిసీ చెప్పలేదా నాన్నా?"

"నన్నెవరడిగారు?"

ఆ పిల్ల చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

కుర్చీ దక్కిందా అంటే అదీ లేదు. ఇంకొకడు వచ్చి, ప్రతి ప్రశ్నకీ ముందు మీటరులో మిగిలిన పాత జవాబును పారబోసేలా ఒక్క పూటలో సరిచేశాడు. బావని అట్టపెట్టెలు అతికించే చోటికి తోశారు. నాకు జాలి కలగలేదు. అక్క మొగుడని ఉప్పూ కారం తగ్గించి చెప్పడం నావల్ల కాదు.

కూతురి పురిటికి అక్కా నేనూ వెళ్ళొచ్చాం. ఎక్కడికెళ్ళారని ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. చాలా నెలలకి అక్క సంచీలో ఆయనకొక చిన్న టోపీ దొరికింది.

"ఎవరిదిది?"

"మీ మనవరాలిది" అంది అక్క, బియ్యం ఏరుతూ.

ఆయన కూతురికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"పిల్ల పుట్టిందని చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"బాగుందా?"

"బాగుంది."

"పాకుతోందా?"

"పాకుతోంది."

తనంతట తాను ఇంకొక్క మాట చెబుతుందేమోనని ఆయన ఫోను చెవికి అదుముకుని కూర్చున్నాడు. అవతల పసిదాని కేరింత వినిపిస్తోంది.

"ఇంకేమైనా అడగాలా నాన్నా?"

ఏమడగాలో ఆయనకి తోచలేదు. ఆ పిల్ల ఫోను పెట్టేసింది.