నాయనమ్మ అంగిలి

దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి వినండి. నా చిన్నప్పుడు మేము టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా లైనులో అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. మా నాయనమ్మా, ఆమె ఈడు ఆడవాళ్ళూ అడ్డపొగ తాగేవారు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. అలా తాగితే గాలికి ఆరదు, బూడిద చీర మీద రాలదు, మామగారు ఎదురొచ్చినా నిప్పు కనబడదు. నాయనమ్మలంటే అలాగే తాగుతారనుకునేదాన్ని నేను.

ఒక మధ్యాహ్నం సర్కారు ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. మా వైపు మనిషే. నోళ్ళు చూపించమంటే ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పళ్ళు చూసి సంతలో అమ్ముతావా అని మా నాయనమ్మ వెక్కిరించింది. నర్సమ్మ కోపం తెచ్చుకోలేదు. అరుగు మీద చతికిలబడి, టార్చి నా చేతికిచ్చి, ముందు తన నోరే తెరిచింది. ఏ రంగో చెప్పమంది. గులాబీ రంగు అన్నాను. ఇక మీ నాయనమ్మది చూడమంది. ఆటనుకుని నాయనమ్మ కూడా నోరు తెరిచింది.

అంగిలంతా సున్నం కొట్టిన గోడలా ఉంది. మధ్యలో ఎర్రటి పుండు. రోజూ నాకు కథలు చెప్పే నోట్లో ఇదా అని భయపడి టార్చి ఆర్పేశాను. నాయనమ్మకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

“అదేటి కొత్తా? అడ్డపొగ తాగినోళ్ళందరికీ అలాగే ఉంటాది. నొప్పి కూడా నేదు.”

“నొప్పి నేకుండా ఉన్నప్పుడే సూడాలత్తా. నొప్పొచ్చేక శానా ఆలీసం,” అంది నర్సమ్మ.

తనే వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం తెలిసిన రోజు నేనూ వెళ్ళాను. డాక్టరుగారు నాన్నను పక్కకు పిలిచి హిందీలో ఏదో చెప్పారు. నాన్న నేరుగా నర్సమ్మ దగ్గరికొచ్చాడు. వేడి చేసిందని చెప్పేద్దాం, ముసలి ప్రాణం తట్టుకోలేదని బతిమాలాడు. వేడే అంటే మజ్జిగ తాగి ఇంట్లో కూర్చుంటుంది, వైద్యానికి ఎందుకొస్తుందని ఆమె ఒప్పుకోలేదు. బెంచీ మీద నాయనమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

“అత్తా, నీ అంగిట్లోది కేన్సరు. ఇంకా సిన్నదే. కోసి తీసి, కరెంటు పెడతారు. సగంలో మానెయ్యకు. బతికే దారుంది.”

ఆ మాటను మా ఇళ్ళలో పైకి అనేవారే కాదు. పిడుగు పడ్డట్టయింది నాకు. అంతా వినే ఉన్న నాయనమ్మ నాన్న వైపు తిరిగింది.

“నా నోట్లోది నాకు సెప్పడానికి నీకేటిరా అంత బయ్యం?”

కోసి తీశాక, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టినన్నాళ్ళూ నోరంతా పూసి గంజి కూడా దిగేది కాదు. అయినా ఒక్కరోజు మానలేదు. ఎందుకు వెళుతోందో ఆమెకు తెలుసు. నా పెళ్ళిలో నాకు పసుపు రాసింది ఆమే.

ఆ నోరు చూసిన అదురు నాకు ఇప్పటికీ పోలేదు. అంతకంటే గట్టిగా నాతో ఉండిపోయింది నర్సమ్మ ఆ మాట చెప్పిన తీరు. మొన్న మా చిన్నకోడలి రొమ్ములో గడ్డ కేన్సరని తేలినప్పుడు, ఇంటిల్లిపాదీ గుసగుసలాడుతుంటే, ఆమె పక్కన కూర్చుని నేనే చెప్పాను. ఏడ్చింది, నన్ను పట్టుకుంది, మర్నాడు తనే ఆసుపత్రికి బయలుదేరింది. వైద్యం నడుస్తోంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. ఎవరికి ఏ కష్టమొచ్చినా, నిజం చెప్పి చెయ్యి వదలని మనిషి మీ ఇంట ఎప్పుడూ ఉండాలి.