పైడమ్మ ఇచ్చిన పాలపన్ను

మా పాపను పళ్ళ డాక్టరుకు చూపించి తెచ్చిన రోజు దాని చేతిరుమాలుకు అంటిన లవంగనూనె వాసన ఇల్లంతా నిండిపోతుంది. ఆ వాసనకు నేను ఎనిమిదేళ్ళదాన్నైపోయి, కంచరపాలెంలో రైలుపట్టాల పక్కనున్న మా పెంకుటింటి అరుగు మీద నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని కూర్చుంటాను.

నా ముందరి పాలపళ్ళు రెండూ ఊడలేదు. వాటి వెనకాలే కొత్తవి మొలిచి రెండో వరస కట్టాయి. నాయనమ్మ పొద్దున్నే నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి, "ఏటే, ఇంకా కదల్లేదా?" అని నిట్టూర్చేది. అమ్మవారి పండక్కి జంతికలు కొరికితే నాలుక గీసుకుపోయేది. సొరచేపకు పళ్ళు వరసలు వరసలుగా ఉంటాయని చేపలమ్మే ఇళ్ళ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, నాకు 'సొర' అని పేరు పెట్టేశారు. వేసవిలో, ఎండకు కాగిన ఇనుము వాసనలో, గూడ్సుబళ్ళ చప్పుడు మధ్య, ముంజలు తిన్న జిగురు చేతులతో పిల్లలంతా గుంపు కట్టి, ఎవరి పన్ను ఊడినా పెంకుల మీదికి విసిరి కేకలు పెట్టేవారు. ఆ కేకలు నేను ఇంట్లోంచి వినేదాన్ని.

నాతో మాట్లాడేది పక్కింటి పైడమ్మ ఒక్కతే. ఒకరోజు పరిగెత్తుకొచ్చి గుప్పిట విప్పింది. అప్పుడే ఊడిన తన పన్ను, నెత్తురు చారతో.

"నీది ఊడదు గదే. నాది నువ్విసిరీ."

వెక్కిరిస్తోందనుకున్నాను. చేతి మీద ఒక్కటిచ్చాను. పన్ను ఎగిరి మురిక్కాలవలో పడింది.

పైడమ్మ ఏడవలేదు. కాలవకేసి కాసేపు చూసి, "నానెక్కిరించలేదే," అని వెళ్ళిపోయింది. నేను పిలవలేదు.

వానలు మొదలయ్యేసరికి పైడమ్మ వాళ్ళు సముద్రపు ఒడ్డున అమ్మమ్మగారింటికి వెళ్ళిపోయారు. ఆ తర్వాతే నాన్న నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. "ముందే తెస్తే కొత్తవి వాటంతటవే చాలావరకు సర్దుకునేవి," అంటూ ఆయన రెండూ పీకి దూదిలో చుట్టి ఇచ్చాడు. పైడమ్మ లేదని తెలిసి కూడా ఆ దూది పట్టుకుని వాళ్ళ గుమ్మం దాకా పరిగెత్తాను. తాళం వేలాడుతోంది. రెండు పళ్ళూ ఒక్కదాన్నే పెంకుల మీదికి విసిరాను. కేక పెట్టడానికి ఎవరూ లేరు.

పెద్దయ్యాక తీగ కట్టించుకుంటే పళ్ళు వరసకొచ్చాయి. ఆ పెంకుటిళ్ళున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. నన్ను సొర అని పిలిచేవాళ్ళు కూడా ఆ వీధిలో మిగల్లేదు. మొన్న హార్బరు దగ్గర చేపలు కొంటూ, ఎందుకో "పైడమ్మా!" అని గట్టిగా పిలిచాను. ముగ్గురు ఆడవాళ్ళు తిరిగి చూశారు. మూడు ముఖాలూ వెతికాను. ఎవరూ ఆమె కాదు.

"ఏ పైడమ్మమ్మా? ఎవలింటి పిల్ల?" అంది ఒకామె.

వాళ్ళ ఇంటిపేరు నేనెప్పుడూ అడగలేదు.